ఆరు నెలలు చేయి ఆగితే

పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించారు. దాన్ని తిప్పకూడదు, కదపకూడదు. వెల్డరే దాని చుట్టూ తిరగాలి. అడుగు భాగానికి వచ్చేసరికి మోకాళ్ల మీద కూర్చుని, మెడ పైకెత్తి వెయ్యాలి. మా పనిలో దీన్ని సిక్స్‌జీ టెస్ట్ అంటాం. ఇది నెగ్గినవాడు పైపు ఏ వాలులో ఉన్నా అతకగలడని లెక్క. 2003లో మొదటిసారికే నెగ్గాను. 2017 జూన్‌లో, నలభై ఏళ్ల వయసులో, అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో మళ్లీ అదే టెస్టుకి కూర్చున్నాను.

అతుకులో మొదటి వరస, రూట్ రన్, వేస్తుండగానే నాకు తెలిసిపోయింది. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే వయసు మీదో భయం మీదో నెట్టేసేవాణ్ణి. చెయ్యి వెనకబడింది. రెండు అంచులూ కరిగేటప్పుడు మధ్యలో చిన్న కన్నం తెరుచుకుంటుంది. దాన్ని మూసుకుపోనివ్వకుండా, మరీ పెద్దది కానివ్వకుండా రాడ్డును నడిపించుకుపోవాలి. కన్ను చూసిన క్షణమే చెయ్యి కదలాలి. నా కన్ను చూసింది. చెయ్యి అందుకునేలోపు ఆ క్షణం దాటిపోయింది.

మూడో రోజు ఎక్స్‌రే ఫిల్ము వచ్చింది. తెల్లటి అతుకు మధ్యలో నల్లటి చుక్కలు, వేరు దగ్గర పొడుగునా ఒక నల్ల చార. చుక్కలంటే లోపల చిక్కుకున్న గాలి. చారంటే లోహం లోహాన్ని పట్టని చోటు. ఇన్‌స్పెక్టర్ నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. ఫిల్మును లైటుకు ఎదురుగా పట్టుకుని, "అన్నా, మీది నేర్చిన చెయ్యే. మధ్యలో ఎన్నాళ్లు మానేశారు?" అని అడిగాడు.

పదేళ్లు అని చెప్పడానికి నోరు రాలేదు. "కొన్నాళ్లు" అన్నాను. అది అబద్ధం. ఇవాళ ఒప్పుకుంటున్నాను.

మా రాంబిల్లి తీరంలో దేశం తన అణు జలాంతర్గాముల కోసం స్థావరం కట్టడం మొదలుపెట్టిన కాలమూ ఆ పదేళ్లే. దేశం బలం కూడగట్టుకుంటూ ఉంటే, ఆ స్థావరం గోడకు ఇవతల కూర్చుని నేను నాకున్న బలాన్ని పోగొట్టుకున్నాను. అది ఎలా జరిగిందో దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

*

మాది రాంబిల్లి మండలం. అప్పట్లో విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. సరుగుడు తోటలు, జీడిమామిడి, కొబ్బరి, ఇసుక నేలలో తాటిచెట్లు, ఆ పైన సముద్రం. మాకు మూడెకరాల పది సెంట్ల భూమి ఉండేది. అందులో రెండెకరాలు సరుగుడు. నాలుగైదేళ్లకోసారి కోతకొస్తే ఆ డబ్బుతో ఒక పెద్ద ఖర్చు గట్టెక్కేది. అక్క పెళ్లి ఒక కోత మీద, నా ఐటీఐ చదువు ఇంకో కోత మీద నడిచాయి.

ఐటీఐ వెల్డర్ ట్రేడు ఒక ఏడాది. సర్టిఫికెట్ అక్కడిచ్చారు గానీ పని నేర్చింది విశాఖలో, ఓడల మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర. అక్కడ గాజువాక నుంచి వచ్చే ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. రెండేళ్లు నా చేతికి రాడ్డు బిగించే హోల్డర్ ఇవ్వలేదు. గ్రైండింగ్ చేయించాడు, రాడ్లు మోయించాడు, తను వేసిన అతుకు మీద స్లాగ్ కొట్టించాడు. నాకు కోపం వచ్చేది. "ముందు మంచి అతుకు ఎలాగుంటాదో నీ కంటికి అలవాటవ్వాలిరా. సెయ్యి తరవాత వత్తాది" అనేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండు సంగతులు ఇప్పటికీ నాతో ఉన్నాయి.

మొదటిది రాడ్ల సంగతి. గట్టి ఉక్కుకు వాడే లో హైడ్రోజన్ రాడ్లను ఓవెన్‌లో కాల్చి, వేడి తగ్గకుండా డబ్బాలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి వాడాలి. బయట వదిలేస్తే మా సముద్రగాలిలోని తేమను రాడ్డు పూత పీల్చుకుంటుంది. ఆ తేమలోంచి హైడ్రోజన్ అతుకులోకి పోతుంది. అతికినప్పుడు ఏమీ కనపడదు. నున్నగా, అందంగా ఉంటుంది. ఒక రోజుకో రెండు రోజులకో, అంతా చల్లారి మనిషి ఇంటికెళ్లి పడుకున్నాక, లోపల పగులు మొదలవుతుంది. అందుకే అలాంటి అతుకును వేసిన రోజే పరీక్షించరు. రెండు రోజులు ఆగి చూస్తారు.

రెండోది కార్డు సంగతి. టెస్ట్ నెగ్గిన వెల్డరుకు ఒక క్వాలిఫికేషన్ కార్డు ఇస్తారు. ఆ తరహా వెల్డింగ్ వరసగా ఆరు నెలలు చెయ్యకపోతే ఆ కార్డు చెల్లదు, మళ్లీ టెస్టుకి కూర్చోవాలి. ప్రపంచంలో పేరున్న వెల్డింగ్ కోడ్‌లన్నిటిలోనూ ఇలాంటి నిబంధన ఏదో ఒకటి ఉంటుంది. నాకు మొదటి కార్డు వచ్చిన రోజున మేస్త్రి దాన్ని తిప్పి వెనక పక్క చూపించాడు. "ఇది నీకిచ్చిన బిరుదు కాదు, ఆర్నెల్ల నమ్మకం. ఆర్నెల్లకోసారి దీని మీద సంతకం పడాల" అన్నాడు.

ఆ మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

*

మా వైపు భూములు నేవీ బేస్‌కు తీసుకుంటారన్న మాట 2000ల మొదటి సంవత్సరాల్లోనే వినపడింది. విశాఖకు దాదాపు యాభై కిలోమీటర్ల దూరం మాది. విశాఖ రేవును సరుకు ఓడలూ యుద్ధనౌకలూ కలిసి వాడుకోవాలి. నీటి కింద దాక్కోవడమే పనిగా ఉన్న జలాంతర్గామి ఆ ఇరుకు కాలువలో అందరి కళ్ల ముందూ తేలుతూ వెళ్లాలి. అందుకని దానికి విడిగా చోటు కావాలి. పత్రికల్లో ప్రాజెక్టు వర్ష అని రాసేవారు. మేం మాత్రం నేవీ బేస్ అనే అంటాం.

మా నాన్న భూమి ఇవ్వడానికి బాధపడ్డాడు గానీ ఎందుకని అడగలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు జనం పిల్లల్ని ఎత్తుకుని పల్లెలకు పరిగెత్తిన కథ ఆయన తన తండ్రి నోట విన్నాడు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ఒడ్డునే మునిగిన రోజులు ఆయనకు స్వయంగా గుర్తు. "సముద్రం నుంచి వచ్చీ పీడ మనకి తెలీదేటి" అన్నాడు. ఆయనకు భూమి విలువా తెలుసు, కాపలా విలువా తెలుసు.

పరిహారం మా ఇంటికి 2007లో వచ్చింది. అప్పటికి నేను విశాఖలో వారానికి ఆరు రోజులు పనిచేస్తున్న కార్డున్న వెల్డర్ని. ముప్పై ఏళ్లు. ఆ నెలలోనే పని మానేశాను.

ఎవరూ నన్ను మాన్పించలేదు. పైగా ఇద్దరు ఆపబోయారు. నా భార్య, "డబ్బు బ్యాంకులో ఉంటాది, మీరు పన్లో ఉండండి" అంది. నాన్న, "భూమి పోయింది సరే. సేతిలో ఉన్నదీ వదిలేత్తే ఎలాగరా?" అన్నాడు. నేను ఇద్దరికీ ఒకటే సమాధానం చెప్పాను. బేస్ వస్తోంది, భూమి ఇచ్చిన ఇంటికో ఉద్యోగం వస్తుందంటున్నారు, నాలాంటి వెల్డరు వాళ్లకు కావాల్సిందే, అంతవరకూ ఈ ఎండలో ఆ పొగలో చావడం దేనికి అని.

ఇంటికో ఉద్యోగం అన్నది మా ఊళ్లు అడిగిన మాట, న్యాయమైన మాట. వేట దారి పోయిన రేవు ఊళ్లవాళ్ల గోడు అంతకన్నా పెద్దది. అది నా తప్పుతో కలిపి చెప్పేది కాదు. నా తప్పు వేరు. అడగడం హక్కు. అడుగుతూ కూడా పని చేసుకోవచ్చు. నేను అడగడాన్నే పనిగా పెట్టుకున్నాను.

డబ్బు ఎలా పోయిందన్నది ఒక్క ముక్కలో చెప్తాను, ఎందుకంటే అది మా వైపు చాలా ఇళ్లలో జరిగిందే. మోటారు సైకిలు, ఇంటి మీద స్లాబు, ఒక చీటీ. ఎస్‌ఈజడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) వస్తోందని అచ్యుతాపురం రోడ్డు వైపు ప్లాట్ల బేరాలు మొదలైతే నేనూ దిగాను. పేపర్లు సరిగా చూడకుండా ఒక వివాదంలో ఉన్న భూమికి అడ్వాన్సు ఇచ్చి, తిరిగి రాబట్టుకోలేకపోయాను. మిగిలినది నాన్న జబ్బుకు, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కూల్చిన గోడలకు అయిపోయింది.

డబ్బు పోయిన నష్టం నాకు ప్రతి నెలా లెక్కల్లో కనపడేది. చెయ్యి పోతున్న నష్టం పదేళ్లలో ఒక్క రోజు కూడా కనపడలేదు. అద్దంలో అదే మనిషి. నలుగురిలో కూర్చుంటే "నేను సిక్స్‌జీ వెల్డర్ని" అని చెప్పుకునేవాణ్ణి. కార్డు ఇనపపెట్టెలో భద్రంగా ఉండేది. వెనక సంతకాల గడులు 2007 దగ్గర ఆగిపోయి ఉన్నాయని నేను చూసుకోలేదు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అది నా మేనల్లుడి విషయంలో చేసింది. 2011లో వాడు పదో తరగతి పాసై, నాలాగే ఐటీఐకి వెళ్తానన్నాడు. అక్క నన్ను అడిగింది. ఊళ్లో నా మాటకు విలువ ఉండేది, చేతిపని తెలిసినవాణ్ణని. "ఇప్పుడెందుకే అప్పా, బేస్‌లో తీసుకున్నప్పుడు వాళ్లే నేర్పిస్తారు. ఒక ఏడాది ఆగమను" అన్నాను. ఆ ఏడాది మూడేళ్లయింది. పదహారు నుంచి పందొమ్మిది దాకా, ఒక కుర్రాడి చేతికి పని పట్టుబడే వయసంతా, నా మాట మీద వాడు ఖాళీగా కూర్చున్నాడు.

*

2009 జులై 26న విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్‌ను జలప్రవేశం చేయించారు. ప్రధాని మన్మోహన్‌సింగ్ వచ్చారు. ఆయన భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. రాంబిల్లిలో టీకొట్టు దగ్గర టీవీలో ఆ వార్త చూసి నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. రేపు ఇలాంటివి మా తీరానికే వస్తాయని పక్కవాళ్లకు చెప్పాను. ఆ రోజు నా గుండె నిజంగా ఉప్పొంగింది. కానీ ఒక వెల్డరుగా అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆ ఉక్కు ఎవరు అతికారు? ఎన్నేళ్లు నేర్చుకుని అతికారు?

టెస్ట్ తప్పిన తరవాత, ఆ అవమానంలో, నేను జలాంతర్గాముల గురించి చదవడం మొదలుపెట్టాను. పేపర్లు, పుస్తకాలు, తెలిసినవాళ్ల మాటలు. చదివేకొద్దీ నా కథే పెద్ద అక్షరాల్లో కనిపించింది.

అణు జలాంతర్గామి కట్టాలన్న పని మన దేశంలో 1980లలోనే గట్టిగా మొదలైంది. 1988లో సోవియట్ యూనియన్ నుంచి ఒక అణు జలాంతర్గామిని మూడేళ్లు అద్దెకు తెచ్చుకుని ఐఎన్ఎస్ చక్ర అని పేరు పెట్టి, విశాఖ నుంచి నడిపారు. 1991లో తిరిగి ఇచ్చేశారు. ఓడ వెళ్లిపోయింది, నడిపిన అనుభవం మనవాళ్లకు మిగిలింది. సముద్రంలో పెట్టబోయే రియాక్టర్‌కు నమూనాను ముందు కల్పాక్కంలో నేల మీద కట్టి చూశారు. 2006 నాటికి అది పనిచేస్తోంది. జలాంతర్గామి గుల్ల (హల్) భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై విశాఖకు వచ్చాయి. నీటిలోకి దించిన నాలుగేళ్లకు, 2013 ఆగస్టులో, అరిహంత్ రియాక్టర్ మొదలైంది. ఇంకో మూడేళ్లకు, 2016లో, నౌకాదళంలో చేరింది. 2018 నవంబరులో తొలి గస్తీ పూర్తిచేసిందని ప్రధాని చెప్పారు. రెండోది అరిఘాత్, 2024 ఆగస్టు 29న విశాఖలోనే చేరింది. నేను టీకొట్టు దగ్గర ఒక ఏడాదిలో అయిపోతుందనుకున్న పని ముప్పై ఏళ్ల పైమాట. నా మేస్త్రి నాకు రెండేళ్లు హోల్డర్ ఇవ్వలేదని కోపం తెచ్చుకున్నాను. దేశం తన చేతిలోకి హోల్డర్ తీసుకోవడానికి ఒక తరం పట్టింది.

మూడు వందల మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు మూడు వందల టన్నుల నీటి బరువు పడుతుంది. అక్కడ ఒక వెల్డరు చేతి మీద వంద మంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. నా ఫిల్ములో కనిపించిన నల్ల చార లాంటిది అక్కడ ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇంకో కథ నన్ను అంతకన్నా పట్టేసింది. 1981లో మన దేశం జర్మనీ కంపెనీ హెచ్‌డీడబ్ల్యూతో నాలుగు డీజిల్ జలాంతర్గాములకు ఒప్పందం చేసుకుంది. రెండు అక్కడ కట్టించి, రెండు మనవాళ్లే ముంబయిలోని మజగావ్ డాక్‌లో కట్టాలి. మన వెల్డర్లు, ఇంజనీర్లు జర్మనీ వెళ్లి నేర్చుకొచ్చారు. కట్టారు కూడా. 1992లో షల్కి, 1994లో శంకుల్ నౌకాదళంలో చేరాయి. ఆ తరవాత కట్టాల్సినవి, ఆ ఒప్పందం మీద లంచాల ఆరోపణలు రావడంతో, ఆగిపోయాయి. నేర్చిన చేతులకు పని లేకుండా పోయింది. కొందరు రిటైరయ్యారు, కొందరు వేరే పనులకు వెళ్లిపోయారు. 2005లో ఫ్రాన్స్‌తో స్కార్పీన్ ఒప్పందం చేసుకుని మళ్లీ దాదాపు మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. వాటిలో మొదటిది, కల్వరి, 2017 డిసెంబరులో గానీ నౌకాదళానికి అందలేదు. శంకుల్‌కూ కల్వరికీ మధ్య ఇరవై మూడేళ్లు.

కల్వరి చేరిన ఆ ఏడాది జూన్‌లోనే నేను టెస్ట్ తప్పాను. ఆ తేదీలు పక్కపక్కన చూసినప్పుడు కాసేపు కదలలేకపోయాను. కార్డు వెనక సంతకాల గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో, ఒక మనిషికీ దేశానికీ ఒకేలా అయింది.

ఇది మన ఒక్కరి తప్పు కూడా కాదు. వందేళ్లుగా జలాంతర్గాములు కట్టిన బ్రిటన్‌లో, బారో అనే ఊరి షిప్‌యార్డు వాన్‌గార్డ్ తరగతి జలాంతర్గాములు పూర్తిచేశాక కొన్నేళ్లు పని సన్నగిల్లి, పనివాళ్లు చెదిరిపోయారు. తరవాతి తరగతి, ఆస్ట్యూట్, మొదలుపెట్టేసరికి చేతులు లేక ఏళ్లకేళ్లు ఆలస్యమై, అమెరికా నిపుణుల్ని సాయానికి పిలవాల్సి వచ్చింది. ఆ అమెరికాలో ఇప్పుడు ఏడాదికి రెండు దాడి జలాంతర్గాములు కట్టాలనుకుంటే ఒకటిన్నర కూడా పూర్తి కావడం లేదు. డబ్బు లేక కాదు. వెల్డర్లు, ఫిట్టర్లు, మెషినిస్టులు చాలక.

మన విశాఖలోనే చూడండి. హిందుస్తాన్ షిప్‌యార్డులో సింధుకీర్తి జలాంతర్గామి మరమ్మతుకు దాదాపు తొమ్మిదేళ్లు పట్టి 2015లో ముగిసింది. ఆ తొమ్మిదేళ్లు చాలామంది విమర్శించారు. కానీ అదే యార్డు కట్టిన నిస్తార్, లోతు నీటిలో ఆపదలో ఉన్న జలాంతర్గాముల సిబ్బందిని రక్షించే పనికి ఉపయోగపడే ఓడ, 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. చేతులు చెదిరిపోకుండా పట్టుకుని ఉంటే, ఆలస్యంగానైనా పని నేర్చుకుంటాయి.

*

నేను మళ్లీ ఎలా మొదలుపెట్టానో చెప్తాను. ఇది చెప్పడం నాకు తేలిక కాదు.

టెస్ట్ తప్పిన షెడ్డులోనే గ్రైండింగ్ హెల్పర్‌గా చేరాను. అక్కడి వెల్డింగ్ ఫోర్‌మన్ ఒకప్పుడు విశాఖలో నా దగ్గర హెల్పర్‌గా పనిచేసినవాడు. నేను మోయించిన రాడ్లు మోసినవాడు. మొదటి రోజు నన్ను చూసి లేచి నిలబడి "గురువుగారూ, మీరు గ్రైండింగ్ ఏటి?" అన్నాడు. "నువ్వు వేసిన అతుకు ఎలా ఉంటుందో ముందు నా కంటికి అలవాటవ్వనీ" అన్నాను. మేస్త్రి మాటే అది. ఆ మాటలో ఎంత నిజం ఉందో నలభై ఏళ్ల వయసులో గ్రైండర్ పట్టుకుని వంగినప్పుడు అర్థమైంది.

డ్యూటీ అయ్యాక తుక్కు ప్లేట్ల మీద రోజుకు నాలుగు రాడ్లు కాల్చుకోవడానికి అతను ఒప్పుకున్నాడు. మొదట్లో నా అతుకులు నాకే చూడబుద్ధి కాలేదు. కళ్లజోడు పడింది, ముసుగులో దానికి తగ్గ అద్దం పెట్టించుకున్నాను. ముప్పై ఏళ్లప్పుడు గంటసేపు వంగి కూర్చునే నడుము ఇప్పుడు పావుగంటకే పట్టేసేది. భార్య రాత్రి ఆముదం కాచి రాసేది. పదేళ్ల కిందట తను చెప్పిన మాట ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు. ఆమె ఆ మౌనానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

పద్నాలుగు నెలలు పట్టింది. 2018 ఆగస్టులో మళ్లీ సిక్స్‌జీకి కూర్చున్నాను. ఈసారి ఫిల్ము శుభ్రంగా వచ్చింది. ఆరు నెలలు అశ్రద్ధ చేస్తే చెల్లని కార్డు. పదేళ్లు అశ్రద్ధ చేసిన దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పద్నాలుగు నెలలు. అదృష్టమే అనుకోవాలి. మొదట గట్టిగా నేర్పినవాడు ఉండబట్టి పునాది మిగిలింది. ఏమీ నేర్చుకోకుండా ఆ పదేళ్లు పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

కొత్త కార్డు తీసుకుని నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. మేనల్లుడు 2014లో, తన క్లాసులో అందరికన్నా పెద్దవాడిగా, ఐటీఐ ఫిట్టర్‌లో చేరి పాసయ్యాడు. అప్పటికి పరవాడ వైపు ఒక ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. వాడి ముందు కూర్చుని, "నీ మూడేళ్లు నేను పాడుచేశానురా. నాకు తెలీని విషయం తెలిసినట్టు చెప్పాను" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నువ్వు ఆగమన్నావని ఆగేను మావయ్యా. నాతో చదివినోళ్లు ముందుకెళ్లిపోయేరు. అది బాధే" అన్నాడు. పర్వాలేదు అనలేదు. అనకపోవడమే మంచిదైంది. పర్వాలేదు అని ఉంటే నేను తేలిగ్గా మరిచిపోయేవాణ్ణి. అన్నం పెట్టి పంపించాడు. ఆ మూడేళ్లు వాడికి ఎవరూ తిరిగి ఇవ్వలేరు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన అతుకులోని పగులు పూడదు. ఎక్కడుందో తెలిస్తే గ్రైండ్ చేసి మళ్లీ వెయ్యడానికి వీలవుతుంది, అంతే.

*

ఇప్పుడు ప్రపంచమంతా ఆయుధాలు కూడగట్టుకుంటోంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక జర్మనీ తన సైన్యానికి పది వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధి పెట్టింది. జపాను అయిదేళ్లకు 43 లక్షల కోట్ల యెన్‌లు అంది. 2025 జూన్‌లో నాటో దేశాలు 2035 నాటికి తమ స్థూల దేశీయోత్పత్తిలో అయిదు శాతం రక్షణకూ దానికి అనుబంధమైన పనులకూ ఖర్చుపెడతామని ఒప్పుకున్నాయి. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాల సైనిక ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2025-26లో మన రక్షణ బడ్జెట్టు 6.81 లక్షల కోట్ల రూపాయలు.

ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు 2007లో మా ఇంటికి వచ్చిన పరిహారం గుర్తొస్తుంది. డబ్బు వచ్చిన రోజున బలం వచ్చేసిందనుకోవడం ఎంత సులువో నాకు తెలుసు. డబ్బుతో కొన్నది కొన్న రోజు నుంచే పాతబడుతుంది. మన చేత్తో చెయ్యగలిగినది చేసినకొద్దీ పదునెక్కుతుంది. అరువు తెచ్చిన చక్ర 1991లో వెళ్లిపోయింది. దాని మీద నేర్చుకున్నది వెళ్లిపోలేదు. పొరుగు దేశం కళ్లు ఎర్రజేసినప్పుడు కాపాడేది ఆ రెండోదే.

మన దేశం అణ్వాయుధాన్ని ముందుగా వాడనని 2003లోనే అధికారికంగా చెప్పింది. మొదటి దెబ్బ కాసి కూడా నిలబడి బదులివ్వగలమన్న భరోసా ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. సముద్రం అడుగున ఎవరికీ కనపడకుండా ఉన్న జలాంతర్గామి ఆ భరోసా. అది ఎప్పటికీ వాడే అవసరం రాకూడదని మనసారా కోరుకుంటాను. వాడకుండా ఉండాలంటేనే దాన్ని ప్రతి రోజూ సిద్ధంగా ఉంచాలి. మా భూమి అలాంటి పనికి వెళ్లిందన్న తృప్తి నాకుంది. మా నాన్న సరుగుడు తోట ఉన్న వైపు చూస్తే బాధ కూడా ఉంది. రెండూ నిజమే.

మా జిల్లాలో ఇప్పుడు ఇంకా చాలా ఊళ్లకు ప్రాజెక్టులు వస్తున్నాయి. నక్కపల్లి వైపు, పూడిమడక వైపు. అక్కడి ఇళ్లకూ పరిహారాలు వస్తాయి, ఆశలూ వస్తాయి. నాలాంటి మావయ్యలు టీకొట్ల దగ్గర కూర్చుని కుర్రాళ్లకు సలహాలు చెప్తారు. వాళ్లకు చేతులు జోడించి మూడు మాటలు చెప్పాలనుంది.

పరిహారం వచ్చిన నెలలో ఏ పనీ మానకండి. వెల్డింగైనా, వేటైనా, సేద్యమైనా, కుట్టుపనైనా, కనీసం ఏడాది పాటు అలాగే చేస్తూ ఉండండి. డబ్బు గురించిన తెలివి ఆ ఏడాదిలో వస్తుంది. పనిలో ఉన్న మనిషిని మోసం చెయ్యడం కూడా కష్టం.

హక్కుగా రావాల్సింది అడగండి, అర్జీ పెట్టండి, ధర్నాలో కూర్చోండి. సాయంత్రం ఇంటికొచ్చి చేతిపని చేసుకోండి. ఒకటి కోసం ఇంకొకటి వదిలేస్తే రెండూ బలహీనపడతాయి. పని తెలిసినవాడి డిమాండుకు బలం ఎక్కువ.

పిల్లల్ని ఆగమని ఎప్పుడూ చెప్పకండి. ఉద్యోగం రేపు వస్తుందో ఎల్లుండి వస్తుందో ఎవరికీ తెలీదు. పదహారేళ్ల వయసు మాత్రం మళ్లీ రాదు. నేర్చుకున్న తరవాత ఉద్యోగం రాకపోతే ఇంకో ఊళ్లో వస్తుంది. నేర్చుకోకుండా కూర్చుంటే, ఉద్యోగం గుమ్మం ముందుకొచ్చి నిలబడినా టెస్ట్ తప్పుతాం.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. ఇద్దరివీ భూములిచ్చిన ఇళ్లే. నేను వాళ్లకు మేస్త్రిలా రెండేళ్లు ఆపలేదు. ఆరు నెలలకే హోల్డర్ ఇచ్చాను, ఎందుకంటే ఈ తీరంలో ఇప్పటికే చాలా ఏళ్లు పోయాయి. కానీ రాడ్లు కాల్చకుండా మాత్రం ఒక్కటీ ముట్టుకోనివ్వను.

మొన్న నా కార్డు మీద మళ్లీ సంతకం పడింది. దాన్ని ఇనపపెట్టెలో పెట్టడం ఎప్పుడో మానేశాను. చొక్కా జేబులో ఉంటుంది. చెమటకు అంచులు నలిగాయి. సంతకాల గడులు మాత్రం ఒక్కటీ ఖాళీ లేదు.